పైన ఇంకో గుడ్డ

సైకిలు తొక్కేటప్పుడు వేసుకునే బట్టల మీద ఈసారి సంపాదకీయం రాస్తానంటే మా సంపాదకవర్గం సమావేశంలో ఒకరిద్దరు నవ్వారు. వరకట్న చావులు, కౌలు రైతుల ఇళ్ళలో ఆడవాళ్ళ నెత్తిన పడే అప్పులు, పేరుకే మిగిలిన మహిళా సర్పంచులు... ఇన్ని ఉండగా బిగుతు నిక్కరు గొడవేమిటన్నారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఇంటికొచ్చాక ఒక సంగతి తట్టింది. ఏడు నెలలుగా నేను రోజూ తెల్లవారుజామున సైకిలు తొక్కుతున్నాను. ఆ సంగతి ఆ గదిలో ఉన్న ఒక్కరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఆ నిక్కరే.

నలభై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. నడక తగ్గించి సైకిలు తొక్కమంది డాక్టరమ్మ. పాతికేళ్ళ తరవాత మళ్ళీ సైకిలెక్కాను. మొదటి రెండు వారాలు చుడీదార్‌తోనే. ప్యాంటు అంచు చైనులో పడి చిరిగింది. చున్నీ చక్రంలో పడుతుందని తీసి సంచిలో పెట్టుకున్నాను. అన్నిటికంటే బాధ, సీటుకి ఆనే చోట కుట్లు ఒరుసుకుని ఒళ్ళు పుండయింది. అలాంటి చోట పుండయితే మనం ఎవరికి చెప్పుకుంటాం? కొబ్బరినూనె రాసుకుని ఊరుకున్నాను. చివరికి సైకిళ్ళ షాపులో కుర్రాడు, చైనుకి ఆయిలు వెయ్యమన్నంత మామూలుగా, లోపల మెత్త ఉన్న నిక్కరు తీసుకోమని చెప్పాడు. లోపల ఇంకేమీ వేసుకోకూడదని కూడా చెప్పాడు. నా మొహం ఎర్రబడింది గానీ అతనికేమీ కాలేదు.

తొడలకి అతుక్కుపోయే ఆ గుడ్డ వేసుకుని అద్దం ముందు నిలబడినప్పుడు నాకు మొదట కనిపించింది నా పొట్ట. తరవాత తొడలు. ఆ తరవాత అపార్టుమెంటు లిఫ్టు, కింద వాచ్‌మన్, పాలపాకెట్లు వేసే అబ్బాయి, ఎదురు ఫ్లాటు పెద్దాయన వరసగా కళ్ళముందుకొచ్చారు. బీరువా తీసి మోకాళ్ళ కింద దాకా వచ్చే కుర్తా ఒకటి పైన తగిలించుకున్నాను. అయిదింటికి ప్రకాశం బ్యారేజీ మీద గాలి ఎదురుకొట్టి ఆ కుర్తా తెరచాపలాగా ఉబ్బింది. నా పక్కనుంచి నా వయసు మగవాళ్ళు నలుగురు, నాకంటే పెద్ద పొట్టలతో, అవే నిక్కర్లలో కబుర్లు చెప్పుకుంటూ దూసుకుపోయారు.

ఒంటి మీద హక్కు గురించి పరిశోధనా పత్రాలు రాసినదాన్ని. శిక్షణా తరగతుల్లో పితృస్వామ్యం మన శరీరాల్ని ఎలా అదుపు చేస్తుందో బోర్డు మీద గీసి చూపించినదాన్ని. ఆ ఉదయం ఏ మగవాడూ నన్నేమీ అనలేదు. అసలు ఎవరూ నన్ను చూడనే లేదు. చూపు నా లోపలే ఉంది. ఐరిస్ మేరియన్ యంగ్ అనే అమెరికన్ తత్వవేత్త 1980లో ఆడపిల్లలు బంతి విసిరే తీరు మీద ఒక వ్యాసం రాశారు. ఆడపిల్ల తన ఒంటిని పని చేసే ఒళ్ళుగానూ, ఇతరులు చూసే వస్తువుగానూ ఒకేసారి మోస్తుంది కాబట్టి చెయ్యి పూర్తిగా చాపలేదు, అడుగు పూర్తిగా వెయ్యలేదు అన్నది అందులో సారాంశం. ఎం.ఏ. పిల్లలకి ఆ వ్యాసం పాఠం చెప్పాను. అది నా కుర్తా గురించి కూడానని మాత్రం బ్యారేజీ మీదే తెలిసింది.

అసలు ఆ గుడ్డ అంత బిగుతుగా ఎందుకుండాలి? ఇది అడగవలసిన ప్రశ్నే. ఒక మోస్తరుగా తొక్కేవాళ్ళు కూడా నిమిషానికి డెబ్బైసార్లు పెడలు తిప్పుతారు. అంటే గంటకి 4,200 సార్లు తొడ లోపలి భాగం సీటుకి రాసుకుంటుంది. వదులు గుడ్డ మడత పడుతుంది. నూలుగుడ్డ చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. మన డెల్టా ఉక్కలో అది పుండు కావడానికి అరగంట చాలు. సాగే గుడ్డ ఒంటితోపాటు కదులుతుంది, మధ్యలో కుట్టు ఉండదు, కూర్చునే ఎముకల కింద మెత్త ఉంటుంది. ఇంతే విషయం. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఈ సాగే నూలు కనిపెట్టింది. సొగసు కోసం దాన్ని వాడేవాళ్ళు వేరే ఉన్నారు. సైకిలు మీద మాత్రం అది వంటింట్లో మసిగుడ్డ లాంటిది. పనికి సంబంధించిన వస్తువు.

పని అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే నా చిన్నతనంలో సైకిలు మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం కాదు. మా ఊళ్ళో అద్దె సైకిళ్ళ షాపులో గంటకి రూపాయిచ్చి, సీటు అందక ఫ్రేము మధ్యనుంచి కాలు దూర్చి, కాలవగట్టు మీద నేర్చుకున్నాను. మోకాళ్ళు చీరుకుపోయి ఇంటికొస్తే మా నాయనమ్మ పసుపు అద్దేది. పెద్దమనిషినయిన నెలలోనే సైకిలు ఆగిపోయింది. ఎవరూ వద్దని తిట్టలేదు. ఓణీ వేశారు, అంతే. ఓణీతో సైకిలు తొక్కడం ఎంత కష్టమో వేసినవాళ్ళకి తెలుసు. నిషేధం ప్రకటించాల్సిన పనిలేకుండా బట్టే ఆ పని చేసిపెట్టింది. తరవాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చింది. బీహారులో 2006లో మొదలైన ఇలాంటి పథకాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్‌లు ఆ వయసు ఆడపిల్లల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయని తేల్చారు. సైకిలు ఎంత పెద్ద హక్కో చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు. కానీ సైకిలు పదో తరగతితో ఆగిపోయే ఇళ్ళు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. పదో తరగతి తరవాత సైకిలు దేనికి అని అడుగుతారు. బడికయితే పని ఉంది, ఊరికే తొక్కడానికి పనేముంది?

క్రిందటి వానాకాలం నాట్లప్పుడు ఈ విషయం మీద నాకు మంచి పాఠం దొరికింది. విజయవాడ నుంచి బందరు రోడ్డులో కంకిపాడు దాటాక ఒక కాలవగట్టు మీదికి తిరిగాను. అప్పటికి కుర్తా పొడవు తగ్గించాను గానీ పూర్తిగా వదల్లేదు. ఆటో దిగి పొలంలోకి వెళ్తున్న ఆడకూలీలు ఏడెనిమిదిమంది ఆగి చూశారు. వాళ్ళలో పెద్దామె అడిగింది.

“ఏందమ్మా ఆ లాగు, తడిసినట్టు అతుక్కుపోయింది?”

“సైకిలు తొక్కితే ఒరుసుకుపోకుండా, పిన్నీ.”

“అంతేనా? మేం మోకాళ్ళ దాకా ఎగదోపుకోకపోతే నాట్లు సాగుతయ్యా ఏంటి?” అని తనే నవ్వేసింది.

ఆ మాట నిజం. డెల్టాలో నాట్లు వేసే ఆడవాళ్ళ కాళ్ళు ఎప్పుడూ కనిపిస్తూనే ఉన్నాయి. కుచ్చెళ్ళు ఎగదోపి, మోకాలి లోతు బురదలో వంగిన ఆ కాళ్ళ మీదే ఈ ప్రాంతం సిరి నిలబడింది. ‘సంప్రదాయ’ వాదులెవరూ ఆ కాళ్ళ గురించి పత్రికలకి ఉత్తరాలు రాయలేదు. ఎవరి ఒళ్ళు కప్పుకోవాలి, ఎవరి ఒళ్ళు కనిపించినా ఫర్వాలేదు అన్నది కులమూ వర్గమూ కలిసి నిర్ణయించిన విషయం. కేరళలో తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు రవిక వేసుకునే హక్కు కోసమే దశాబ్దాలపాటు దెబ్బలు తిన్నారు. 1859లో రాజు ప్రకటన చేస్తేగానీ ఆ హక్కు రాలేదు. కప్పుకోవడానికి ఒకళ్ళు కొట్లాడారు, విప్పుకోవడానికి ఇంకొకళ్ళు కొట్లాడుతున్నారు. అనుమతి ఇచ్చే చెయ్యి మాత్రం ఒకటే.

అయితే కూలి ఆడవాళ్ళకి సిగ్గు లేదనీ, వాళ్ళు స్వేచ్ఛగా ఉన్నారనీ మనం కవిత్వం చెప్పుకుంటే పొరపాటే. ఆ ముఠాలో ప్రతి ఒక్కరూ చీర మీద మగవాళ్ళ ఫుల్‌హాండ్స్ చొక్కా వేసుకున్నారు. ఎందుకని అడిగాను. ఎండకి, దోమలకి, ఆకు గీరుకోకుండా అన్నారు. కాసేపాగి పెద్దామె, “ఇంకోటి కూడా ఉందిలే. వంగినప్పుడు గట్టు మీద నిలబడి చూసేవాళ్ళుంటారుగా” అంది. నా కుర్తా, ఆమె చొక్కా ఒకే పనికి వచ్చాయి. తేడా ఏమిటంటే ఆమె పని మానుకోలేదు, మానుకుంటే కూలి పోతుంది. నాబోటిది సైకిలు మానుకుంటే ఎవరికీ తెలియదు. మధ్యతరగతి ఆడవాళ్ళు అలా ఎవరికీ తెలియకుండా మానుకున్నవి ఎన్ని ఉంటాయో! ఈత, పరుగు, ఆటలు. లెక్కల్లోకి రాని నష్టం అది. సభల్లో మనం చలాన్ని తెగ తలుచుకుంటాం. ఈ బెజవాడలోనే ఏళ్ళ తరబడి ఉన్న ఆయన, ఆడవాళ్ళ ఒంటికి వ్యాయామం కావాలని ఎప్పుడో రాశాడు. మెదడు గురించీ హృదయం గురించీ ఆయన అన్నవి తీసుకున్నాం. వ్యాయామం దగ్గరికొచ్చేసరికి మనకి టైము లేదు!

ఆడవాళ్ళు వాహనం ఎక్కాలంటే బట్ట మారాలా, బండి మారాలా అన్న ప్రశ్న కొత్తది కాదు. ఇంగ్లండులో 1898లో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ స్కర్టు బదులు వదులు నిక్కరుతో సైకిలు తొక్కుకుంటూ సర్రే ప్రాంతంలో ఒక హోటలుకి వెళ్తే కాఫీ గదిలోకి రానివ్వలేదు, బారు పక్క గదిలో కూర్చోమన్నారు. సైకిలిస్టుల సంఘం తరఫున మరుసటి ఏడాది కేసు నడిచింది, ఓడిపోయింది. మన దేశంలో బట్ట మార్చలేదు, బండి మార్చారు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం ప్రతి మోటారుసైకిలుకీ వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. మనం చీర గార్డు అంటాం. ఎంతోమంది ప్రాణాలు కాపాడే నిబంధనే, కాదనను. కానీ ఆ నిబంధన ఎవరి బట్టల గురించి మాట్లాడుతుందో చూడండి. వెనక సీటు మీద కూర్చునే మనిషి బట్టల గురించి. చీర కట్టుకున్న మనిషి వెనకే కూర్చుంటుందని చట్టం ముందే అనుకుంది.

ముందు సీటులోకి వచ్చిన కథ మనకి పొరుగునే ఉంది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో, కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో సైకిలు నేర్పడం కూడా చదువులో భాగమయింది. లక్షమందికి పైగా ఆడవాళ్ళు నేర్చుకున్నారు. క్వారీ కూలీలు, పొలం కూలీలు, అంగన్‌వాడీ వర్కర్లు, టీచర్లు. ఆ కథని దేశానికి తెలియజెప్పిన పాలగుమ్మి సాయినాథ్ మన తెలుగువాడే. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళ సైకిళ్ళు కొన్నారట. పిల్లని ముందు కూర్చోబెట్టుకోవడానికి ఆ అడ్డకడ్డీయే బాగుందని చాలామంది వాటినే ఇష్టపడ్డారట. రోడ్డు మీద వెకిలి మాటలు వాళ్ళూ పడ్డారు. తట్టుకోవడానికి వాళ్ళకి దొరికింది గుంపు. వందమంది కలిసి తొక్కుతుంటే ఎవరి చీర ఎంత పైకి లేచిందో చూడటం కష్టం. నేను ఒంటరిగా కుర్తాతో కుస్తీ పట్టడానికి అసలు కారణం ఇది కూడా కావచ్చు.

ఆటల మైదానంలో అయితే ఈ తగాదా మరీ విచిత్రంగా ఉంటుంది. 2005లో మన హైదరాబాదు పిల్ల సానియా మీర్జా స్కర్టు పొట్టిదని కొందరు మతపెద్దలు తప్పుపట్టారు. ఆరేళ్ళ తరవాత, 2011లో, ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య ఆడ క్రీడాకారులు స్కర్టులే వేసుకోవాలని నిబంధన తెచ్చింది. ఎందుకయ్యా అంటే చూసేవాళ్ళకి ఆకర్షణగా ఉంటుందట! గొడవ అయ్యాక వాయిదా వేసి, 2012లో మానుకున్నారు. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు బికినీ బదులు పొట్టి నిక్కర్లు వేసుకుందని 1,500 యూరోల జరిమానా వేశారు. ఒకచోట ఎక్కువ కనిపించిందని, ఇంకోచోట తక్కువ కనిపించిందని. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయినప్పుడు, మా హాస్టలు గోడకి పేపర్లో ఫొటో కత్తిరించి అంటించాం. ఆమె వేసుకున్నది ఒంటికి అతుక్కునే సింగ్లెట్టే. ఆరోజు మాకు ఆ భుజాలు కనిపించాయి, ఆ బరువు కనిపించింది. పతకం వస్తే గుడ్డ కనిపించదన్నమాట. పతకం రానివాళ్ళ సంగతి? పతకం తేవాలని కూడా లేని, మోకాళ్ళ నొప్పులున్న నలభైయేళ్ళ ఆడవాళ్ళ సంగతి?

మనలో కొందరికి ఇక్కడ ఇంకో అభ్యంతరం ఉందని నాకు తెలుసు. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలని వ్యతిరేకించిన ఉద్యమం మనది, ఇప్పుడు బిగుతు బట్టలకి వత్తాసా అని అడిగారు ఒక సీనియర్ మిత్రురాలు. ఆమె మీద గౌరవంతోనే చెబుతున్నాను. అక్కడ ఒళ్ళు ఉన్నది చూడటానికి, కొలవటానికి, అమ్మటానికి. ఇక్కడ ఒళ్ళు ఉన్నది తొక్కడానికి. గుడ్డ ఒకటే కావచ్చు, ఆ గుడ్డలో ఉన్న మనిషి చేస్తున్న పని ఒకటి కాదు. పైట మీద జయప్రభ రాసిన కవితకి ఎంత గొడవ జరిగిందో పాత పాఠకులకి గుర్తుండే ఉంటుంది. ఆ గొడవ గుడ్డ గురించా, చూపు గురించా అని అప్పుడే తేల్చుకున్నాం కదా. అలాగని బిగుతు బట్ట వేసుకుంటేనే ఆధునిక స్త్రీ అనడం నా ఉద్దేశం కాదు. పైన వదులు చొక్కా వేసుకుంటే హాయిగా ఉంటుందనుకునే వాళ్ళు వేసుకోవచ్చు. బురఖాతో తొక్కేవాళ్ళని ఆపే హక్కు కూడా ఎవరికీ లేదు.

చట్టం సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ కింద లైంగిక వ్యాఖ్యలు, 78 కింద వెంటపడటం, 79 కింద స్త్రీని అవమానించే మాటలు, సైగలు నేరాలు. రోడ్డు మీద ఇవి ఉపయోగపడతాయి, గుర్తుపెట్టుకోండి. కానీ 1860 నాటి శిక్షాస్మృతిలోని ‘స్త్రీ మర్యాద’ అనే భావన కొత్త చట్టంలోకీ వచ్చేసింది. ఆ మాట ఉన్నంతకాలం ఫిర్యాదు చేసిన మనిషి ఏం కట్టుకుందన్న ప్రశ్న కోర్టు గుమ్మంలోనే కాచుకుని ఉంటుంది. 2022 ఆగస్టులో కోళికోడ్ సెషన్స్ కోర్టు ఒక ముందస్తు బెయిలు ఉత్తర్వులో ఫిర్యాదిదారు రెచ్చగొట్టే బట్టలు వేసుకుంది కాబట్టి లైంగిక వేధింపు సెక్షన్ ప్రాథమికంగా వర్తించదని రాసింది. అక్టోబరులో కేరళ హైకోర్టు ఆ వ్యాఖ్యల్ని కొట్టేసింది. కొట్టేశారు, సంతోషం. రాయాలని తోచింది కదా, అదీ భయం.

ఇంత రాశాక మన ఇంటి సంగతి రాయకపోతే అన్యాయం. మన సంస్థల్లో క్షేత్రస్థాయి కార్యకర్తలు ఏం వేసుకోవాలన్న దాని మీద కాగితం మీద నియమం లేదు. కాగితం మీద లేకుండా ఉంది. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు చీర, లేదా చున్నీ వేసిన చుడీదార్. “గౌరవంగా ఉంటే ఊరివాళ్ళు మాట వింటారు” అని కొత్తగా చేరిన అమ్మాయిలకి నేనే చెప్పాను, ఎన్నిసార్లో. ప్రభుత్వం అంగన్‌వాడీ వర్కర్లకి యూనిఫాం చీరలిస్తే మనం విమర్శిస్తాం. మన అమ్మాయిలు దివిసీమ దారుల్లో చున్నీని నడుముకి బిగించి కట్టుకుని బండి నడుపుతుంటే మనకి కనపడదు.

సమావేశం అయ్యాక మెట్లమీద ఒక కార్యకర్త నన్ను పక్కకి పిలిచింది. అవనిగడ్డ వైపు అయిదు ఊళ్ళు చూసుకుంటుంది, బస్సు దిగాక సైకిలే. సమావేశంలో ఆమె నవ్వలేదు, మాట్లాడనూ లేదు. “మేడం, మీరు చెప్పిన లాగు ఎంత ఉంటుంది?” అంది. ఏడొందలు పెట్టి కొన్నానన్నాను. కాసేపు లెక్కేసుకుంది. “చీర లోపల వేసుకోవచ్చా? నాకూ అక్కడ పుండ్లే, మూడేళ్ళ నుంచి.” మూడేళ్ళుగా ప్రతి నెలా మేం ఆమె దగ్గర రిపోర్టు తీసుకున్నాం. అందులో ఎన్ని ఊళ్ళు తిరిగింది, ఎన్ని మీటింగులు పెట్టింది అని అడిగే గళ్ళున్నాయి.

బట్టల విషయం, క్షేత్ర కార్యకర్తలకి సైకిలు బట్టల ఖర్చు సంస్థే భరించే విషయం వచ్చే నెల సర్వసభ్య సమావేశం ఎజెండాలో మూడో అంశంగా పెట్టాం. వ్యతిరేకించేవాళ్ళు వచ్చి వ్యతిరేకించండి. నేను ఆరోజు బ్యారేజీ మీదుగా సైకిలు మీదే వస్తాను. కుర్తా వేసుకుంటానో లేదో ఇంకా తేల్చుకోలేదు.